పెరట్లో మొలిచిందల్లా మందు కాదు

కాకినాడ నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో సామాన్యంగా కడుపునొప్పి, కీళ్లనొప్పులు, పిల్లలు అన్నం తినకపోవడం వంటివి వుంటాయి. ఈ ఉత్తరంలో జబ్బేమీ లేదు. కాని చదువుతున్నంతసేపూ, జబ్బు ఇంకా రాలేదు గాని వచ్చే దారిలో వున్నదేమో అనిపించింది. అందుకే మిగతా ఉత్తరాలు పక్కన పెట్టి, ఈ వారమంతా దీనికే జవాబు రాస్తున్నాను.

సంగతి ఇది. మామగారు పోయాక పన్నెండేళ్లుగా తాళం వేసి వున్న సొంత ఇంటికి ఈ కుటుంబం తిరిగి వచ్చింది. ఇల్లు బాగుచేయించి సున్నాలు వేయించారు. పెరడు మాత్రం అలాగే వుంది. నుయ్యి కనబడనంతగా పొదలు పెరిగిపోయాయి. అత్తగారికి డెబ్బయి రెండేళ్లు. పదేళ్లుగా చక్కెర వ్యాధికి మాత్రలు వాడుతున్నారు. ఆవిడ పెరట్లోకి వెళ్లి ప్రహరీగోడ మీద అల్లుకొన్న ఒక తీగెను చూసి, "ఇది తిప్పతీగ, చక్కెర వ్యాధికి అమృతం" అని వారం రోజులుగా కషాయం కాచి తాగుతున్నారు. వేసవి సెలవులకు మనవలు ఇద్దరు రాబోతున్నారు. ఒకడికి ఏడేళ్లు, ఇంకొకడికి నాలుగు. "మా పెరట్లో వున్న మొక్కల పోలికలు రాస్తున్నాను. వీటిలో మందుకు ఏవి పనికివస్తాయి, కూరకు ఏవి పనికివస్తాయి, పీకి పారేయవలసినవి ఏవి, గుర్తుపట్టి చెప్పండి" అని అడిగారు.

ముందు కషాయం సంగతి చూద్దాం. అమ్మా, ఈ పత్రిక మీ చేతికి అందిన రోజునే ఆ కషాయం ఆపించండి. తిప్పతీగ చెడ్డదని నేను అనడం లేదు. ఆ గోడ మీద వున్నది తిప్పతీగే అని ఎవరు తేల్చారు? తమలపాకులా, హృదయాకారంలో ఆకులుండే తీగెలు మన పెరళ్లలో చాలా వున్నాయి. ఆకు ఒక్కటే చూస్తే దేన్నయినా తిప్పతీగ అనుకోవచ్చు. ముదిరిన తిప్పతీగ కాండం మీద బెరడు పలుచని కాగితంలా పొరలుగా లేస్తుంది. పైనుంచి దారాల్లాంటి వేళ్లు వేలాడుతుంటాయి. కాండాన్ని అడ్డంగా కోస్తే బండి చక్రంలో ఆకుల్లా గీతలు కనబడతాయి. ఇవన్నీ వున్నా కూడా, దీనికి దగ్గర చుట్టమైన మరొక తీగె వున్నది. దాని కాండం మీద బొడిపెలు బాగా ఎక్కువ. 2021లో, కరోనా రోజుల్లో, తిప్పతీగ కషాయం విపరీతంగా తాగి కాలేయం చెడిన కేసులను బొంబాయి డాక్టర్లు వైద్య పత్రికలో ప్రచురించారు. దాని మీద పెద్ద వాదమే జరిగింది. తిప్పతీగ మంచిదే, పొరపాటున ఆ చుట్టపు తీగెను వాడి వుంటారని ఒక వాదం. అసలు తిప్పతీగ కూడా కొందరికి పడకపోవచ్చునని ఇంకొక వాదం. ఎవరి మాట నిజమైనా మీ ఇంటికి సంబంధించినంతవరకు తేడా ఏమీ లేదు. మీ అత్తగారికి వున్న ప్రమాదం రెండు వైపులా ఒక్కటే. పైగా చక్కెర మాత్రలు వేసుకొంటూ, చక్కెర తగ్గిస్తుందని పేరున్న కషాయం కూడా తాగితే, చక్కెర మరీ పడిపోయి కళ్లు తిరిగి పడిపోవచ్చు. ఆ వయసులో పడితే తుంటి ఎముక విరుగుతుంది.

కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం, ఆకలి చచ్చిపోవడం, వికారం, వీటిలో ఏది వున్నా వెంటనే డాక్టరుకు చూపించండి. ఏమీ లేకపోయినా ఒకసారి కాలేయ పరీక్ష చేయించండి. కషాయం తాగిన సంగతి డాక్టరుగారికి చెప్పడం మరిచిపోవద్దు. "అది ఇంటి వైద్యమే కదా" అని చాలామంది చెప్పరు.

అత్తగారితో ఈ మాట ఎలా చెప్పాలా అని మీకు సంకోచంగా వుంటుంది, నాకు తెలుసు. మీ మాటగా చెప్పకండి. ఈ పేజీ ఆవిడ చేతికి ఇచ్చి చదవమనండి. కోపం వస్తే నా మీద రానీయండి.

ఆవిడ తప్పు కూడా లేదు. ఆవిడ తరానికి మొక్కలతో పరిచయం వుంది. ఆ పరిచయం ఇంటింటా ఎలా నేర్పారో చూడండి. వినాయక చవితికి ఇరవైయొక్క రకాల పత్రి కావాలి. తెల్లవారుజామున పిల్లల్ని వెంటబెట్టుకొని వెళ్లి, ఇది ఉత్తరేణి, ఇది వావిలి, ఇది జమ్మి అని చూపించి కోయించేవారు. ఏడాదికి ఒక రోజు నడిచే బడి అది. ఇప్పుడు బజారులో కట్ట కొంటున్నాం. అందులో ఏ ఆకు ఏదో అమ్మేవాడికి తెలియదు, కొనేవాడికి తెలియదు. ఇంకొక సంగతి గమనించారా? ఆ ఇరవైయొక్కటిలో ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు వున్నాయి. మూడూ విషపు మొక్కలే. దేవుడి పూజకు పనికివచ్చింది కాబట్టి మన కడుపుకూ పనికివస్తుందని అనుకోకూడదు. పూజ అయ్యాక పిల్లలకు చేతులు కడిగించాలి.

పేర్లతో మరొక చిక్కు వుంది. ఒకే పేరు రెండు మొక్కలకు, ఒకే మొక్కకు నాలుగు పేర్లు. పునర్నవ అంటే కొందరు అటికమామిడి చూపిస్తారు, కొందరు తెల్ల గలిజేరు చూపిస్తారు. నేపాళం అంటే ఒక ఊళ్లో ఒక చెట్టు, పక్క ఊళ్లో కంచెకు వేసే అడవి ఆముదం. అంచేత "మా ఊళ్లో దీన్ని ఫలానా అంటారు" అన్నంత మాత్రాన పుస్తకంలో ఆ పేరు కింద వున్న గుణాలన్నీ మీ పెరట్లో మొక్కకు అంటగట్టకండి.

ఇక మీరు పోలికలు రాసిన మొక్కలు.

"నిలువెత్తు దాటిన చెట్టు, సన్నటి మెరిసే ఆకులు, గంటల్లాంటి పసుపుపచ్చ పూలు, విరిస్తే పాలు, పలకలుగా వున్న ఆకుపచ్చ కాయలు ఎండి నల్లబడి కింద రాలుతున్నాయి" అని రాశారు. ఇది పచ్చగన్నేరు. పూలు దేవుడి కోసమని మామగారు వేసి వుంటారు. ఉత్తరంలో మీరు రాసినవాటిలో నన్ను అన్నిటికంటె భయపెట్టింది ఇదే. ఆ కాయ లోపలి గింజలో గుండె మీద పనిచేసే విషం వుంది. గుండె జబ్బుకు డాక్టర్లు ఎంతో జాగ్రత్తగా కొలిచి ఇచ్చే డిగాక్సిన్ మాత్ర జాతికి చెందినదే అనుకోండి, కొలత లేకుండా. పాలు, ఆకు, పువ్వు అన్నిటిలోనూ అది వుంటుంది గాని గింజలో ఎక్కువ. దీని మోసం ఏమిటంటే, తిన్న పిల్లవాడు రెండు వాంతులు చేసుకొని మళ్లీ ఆడుకోవచ్చు. "కక్కేశాడు, పోయింది" అని ఇంట్లోవాళ్లు ఊరుకొంటారు. గుండె కొట్టుకోవడం నెమ్మదించడం, తడబడటం తరవాత మొదలవుతుంది. అందుకే పచ్చగన్నేరు గింజ నోట్లో పెట్టాడన్న అనుమానం వుంటే చాలు, పిల్లవాడు నవ్వుతున్నా సరే ఇ.సి.జి. తీసే వసతి వున్న ఆస్పత్రికి తీసుకువెళ్లాలి. కనీసం ఒక రోజంతా వాళ్ల కళ్ల ముందు వుంచాలి. ఈ గింజల బాధ శ్రీలంకలో చాలా ఎక్కువ. అక్కడి డాక్టర్లు దీని చికిత్స మీద చేసిన పరిశోధనలు ప్రపంచమంతా చదువుతారు. విరుగుడు మందు వుంది గాని చాలా ఖరీదు, అన్నిచోట్లా దొరకదు. మనవలు వచ్చేలోగా ఆ చెట్టు కొట్టించండి. మామగారి చెట్టు అని మనసొప్పకపోతే, కనీసం రాలిన కాయలు ఒక్కటి మిగలకుండా ఏరించి లోతుగా పాతిపెట్టించండి, పిల్లలున్నన్నాళ్లూ రోజూ పొద్దున్నే చెట్టు కింద ఊడిపించండి. ఎర్రగన్నేరు, తెల్లగన్నేరులకూ ఇదే జాగ్రత్త. కొట్టిన కొమ్మలు పొయ్యిలో పెట్టకూడదు, చెత్తతో కలిపి తగలబెట్టకూడదు. ఆ పొగ కూడా మంచిది కాదు.

"నడుమెత్తు మొక్క, బూరలాంటి తెల్లని పొడుగు పూలు, ముళ్ల కాయలు." ఇది ఉమ్మెత్త అని మీరే గుర్తుపట్టారు, సరిగానే గుర్తుపట్టారు. పూలు, ముళ్ల కాయలు వున్నప్పుడు దీన్ని ఎవరైనా గుర్తుపడతారు. అవి లేనప్పుడే చిక్కు. నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో, ఒక చిన్న ఊరి ఆస్పత్రికి రాత్రి తొమ్మిదింటికి ఒకే ఇంటి మనుషులు నలుగురిని బండిలో తెచ్చారు. ఒకాయన గాలిలో ఏవో దారాలు లాగుతున్నాడు. ఇల్లాలు పక్కబట్టను గిల్లి గిల్లి ఏరుతోంది. పెద్దపిల్ల గోడతో మాట్లాడుతోంది. వెంట వచ్చినవాళ్లు గాలి సోకిందన్నారు, ఒకాయన భూతవైద్యుడికి కబురు కూడా పంపాడు. నలుగురికీ ముఖాలు ఎర్రగా కంది వున్నాయి, ఒళ్లు సెగలు కక్కుతోంది, నోట్లో తడి లేదు, కంటిపాపలు ఇంతింతయి వున్నాయి. అయిదోవాడు, చిన్న కుర్రాడు, ఒక్కడే బాగున్నాడు. "నువ్వేం తిన్నావురా?" అని అడిగాను. "నేను కూర వేసుకోలేదండి, పెరుగన్నం తిన్నా" అన్నాడు. ఇంటికి మనిషిని పంపి గిన్నె తెప్పించాను. పెరట్లో తోటకూరతో కలిసి మొలిచిన లేత ఉమ్మెత్త మొక్కలు కూడా చీకట్లో కోసేశారు. రెండు రోజుల్లో నలుగురూ తేరుకొన్నారు. ఆ కుర్రాడికి ఆకుకూర నచ్చకపోవడం వల్ల నాకు జబ్బు దొరికింది. (పిల్లలు ఆకుకూరలు తినాలని ఈ శీర్షికలోనే ఎన్నోసార్లు రాశాను. ఆ మాట వెనక్కి తీసుకోవడం లేదు.)

ఉమ్మెత్త గింజలు మిరపగింజల్లా వుంటాయి. మిరపగింజ గుండ్రంగా, లేత పసుపుగా వుంటుంది. ఉమ్మెత్త గింజ కొంచెం పెద్దది, గోధుమరంగు, మూత్రపిండం ఆకారం. తేడా తెలిసింది కదా అని ధైర్యం చేయవద్దు. ఆయాసానికి ఉమ్మెత్తాకు చుట్ట తాగేవాళ్లు ఇప్పటికీ కనబడుతున్నారు. ఆయాసానికి అంతకంటె మంచి మందులు వచ్చి చాలా కాలమైంది.

"కంచె మీద తీగె, చింతాకులాంటి ఆకు, ఎండిన కాయల్లో ఎర్రగింజలు, ఒక చివర నల్లచుక్క." గురివింద. తన కింద నలుపు తనకు తెలియదని మనం దీన్ని ఎగతాళి చేస్తాం గాని, లోపల వున్నది నలుపు కంటె పెద్ద సంగతి. ఒకప్పుడు కంసాలులు బంగారం తూచిన గింజ, చూస్తే పిల్లలు వదలరు. గట్టి పైపెచ్చుతో వున్న గింజ మింగితే చాలావరకు అలాగే బయటికి వస్తుంది. కొరికినా, పూసగా గుచ్చడానికి చిల్లు పెట్టినా విషం బయటపడుతుంది. వాంతులు, రక్త విరేచనాలు ఒక్కొక్కప్పుడు ఒకటి రెండు రోజుల తరవాత గాని మొదలుకావు. మీ చిన్న మనవడు గురివింద మింగితే "గట్టి గింజే కదా" అని మీరు తీర్పు చెప్పకండి. ఆస్పత్రికి తీసుకువెళ్లండి.

ఆముదపు గింజల్లోనూ ఇటువంటి విషమే వుంది. మరి ఆముదం తాగించేవారు కదా అంటారేమో. ఆ విషం నూనెలోకి రాదు, చెక్కలో వుండిపోతుంది. పూలకుండీలకు ఎరువుగా ఆముదపు చెక్క కొని తెచ్చేవాళ్లు దాన్ని కుక్కలకు, పిల్లలకు అందకుండా వుంచాలి. కుక్కలు ఇష్టంగా తిని చచ్చిపోతాయి. అడవి ఆముదం గింజలు మరీ మోసం. వాటి రుచి కమ్మగా వుంటుంది. బడి పక్కన కంచె చెట్టు గింజలు తిని పిల్లలు గుంపుగా వాంతులు, విరేచనాలతో ఆస్పత్రికి వస్తుంటారు. చేదుగా వుంటేనే విషం అనే నమ్మకం ఇక్కడే బోర్లాపడుతుంది. "పక్షులు తిన్న పండు మనమూ తినవచ్చు", "మేక తిన్న ఆకు మంచిదే" అనేవి కూడా అలాంటి మాటలే. పక్షి కడుపు వేరు, మేక కడుపు వేరు.

క్యారెట్ ఆకులాంటి ఆకులతో, తెల్లటి చిన్న చిన్న పూలతో దడిలా పెరిగిందన్నది వయ్యారిభామ. ఇది మన దేశపు మొక్క కాదు. 1950లలో పుణేలో కనబడి, అక్కడి నుంచి దేశమంతా వ్యాపించింది. దీన్ని తినేవాళ్లు లేరు, కాని ముట్టుకొన్నవాళ్లకు, దాని పొడి గాలిలో తగిలినవాళ్లకు కొందరికి రెప్పలు, మెడ, మోచేతి మడతలు దురదలు పెట్టి తడి కారతాయి. ఆయాసం వున్నవాళ్లకు ఎక్కువవుతుంది. పూయకముందే, వాన పడి నేల మెత్తగా వున్నప్పుడు, చేతికి తొడుగులు వేసుకొని వేళ్లతో సహా పీకించాలి. జిల్లేడు సంగతి మీకు తెలిసిందే. కొట్టేటప్పుడు పాలు కంట్లో పడకుండా చూసుకోండి. పడితే నొప్పి అంతగా వుండదు, చూపు మాత్రం మసకబారుతుంది. నొప్పి లేదు కదా అని రేపటికి వాయిదా వేయవద్దు. పావుగంటసేపు మంచినీళ్లతో కడిగి ఆరోజే కంటి డాక్టరును చూడండి.

మొక్కను సరిగా గుర్తుపట్టడం ఎలాగో మీ కాకినాడ పక్కనే ఒకాయన రెండు వందల ఏళ్ల క్రితం చూపించాడు. సామర్లకోటలో వుండిన విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండు వైద్యుడు. ఇక్కడి మొక్కలకు జనం చెప్పే తెలుగు పేర్లు రాసుకొన్నాడు. ఇక్కడి చిత్రకారుల చేతనే బొమ్మలు వేయించాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన పుస్తకం 1795 నుంచి లండనులో సంపుటాలుగా వెలువడింది. ఆ బొమ్మల్లో కొమ్మ ఒక్కటే కాదు, పువ్వు విప్పి, కాయ కోసి విడివిడిగా చూపించారు. ఆకు ఒక్కటే చూసి పేరు చెప్పకూడదని దాని అర్థం. మీరూ అంతే చేయండి. ఆకులు కొమ్మ మీద ఒకదానికొకటి ఎదురెదురుగా వున్నాయా, ఒకటి విడిచి ఒకటి వున్నాయా, మూడేసి ఒకేచోట వున్నాయా చూడండి. విరిస్తే పాలు వస్తాయా? ముళ్లు, నూగు వున్నాయా? పువ్వు, కాయ, గింజ కాగితం మీద పెట్టుకొని చూడండి. రుచి చూడటం మాత్రం ఈ వరసలో లేదు. ఇప్పుడు సెల్‌ఫోనులో ఫోటో తీస్తే పేరు చెప్పే ఏర్పాట్లు వచ్చాయి. అవి వెతుకులాట మొదలుపెట్టడానికి బాగానే వుంటాయి. అది చెప్పిన పేరును నమ్మి కూర వండుకోవడానికి కాదు. పువ్వుతో, కాయతో వున్న కొమ్మను వార్తాపత్రికల మధ్య పెట్టి పైన బరువు పెట్టి ఆరబెట్టండి. దాన్ని మీ ఊరి డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే లెక్చరరుగారికి చూపించండి. వారికి ఇది సరదా అయిన పని. భారత వృక్ష సర్వేక్షణ సంస్థ వారి దక్కను ప్రాంతీయ కేంద్రం హైదరాబాదులో వుంది.

పెరడు బాగుచేయించే రోజున పిల్లలను అక్కడ లేకుండా చూడండి. కూలీలకు బూట్లు, తొడుగులు మీరే ఇవ్వండి, పొదలో చెయ్యి పెట్టేముందు పొడుగు కర్రతో కదిలించమనండి. పన్నెండేళ్ల పొదలో మొక్కలే కాదు, పాములూ వుంటాయి.

ఎంత జాగ్రత్తపడ్డా ఎవరైనా ఏదైనా నోట్లో పెట్టారనుకోండి. నోట్లో మిగిలింది వేలితో తీసి పుక్కిలించమనండి. వాంతి చేయించాలని ఉప్పునీళ్లు, చింతపండు రసం, సబ్బునీళ్లు పట్టించవద్దు. ఉప్పునీళ్లతోనే పసిపిల్లల ప్రాణం మీదికి వస్తుంది. స్పృహ సరిగా లేకపోతే ఎడమపక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయండి. తిన్న మొక్క కొమ్మ ఒకటి, ఆకు, కాయ, పువ్వు ఏది వుంటే అది, కాగితంలో చుట్టి వెంట తీసుకువెళ్లండి. ఎన్ని గంటలకు తిన్నాడో, సుమారు ఎన్ని తిన్నాడో చెప్పండి. పేరు తెలియకపోయినా ఫరవాలేదు, డాక్టరుకు ఆ కొమ్మ చాలా పనికివస్తుంది. వెతుకుతూ ఆలస్యం మాత్రం చేయకండి.

ఇక మిగిలింది ఉత్తరం చివర మీరు రాసిన మొక్క. "నూతి పక్కన మోకాలెత్తున వుంది, గుండ్రటి ఆకులు, ఇంకా పూయలేదు, కోసుకొని పప్పులో వేసుకోవచ్చునా?" అని అడిగారు. ఈ పోలికతో దాని పేరు ఎవరూ చెప్పలేరు, చెప్పినవాళ్లను మీరు నమ్మకూడదు. పీకేయనక్కరలేదు. దాని చుట్టూ నాలుగు ఇటుకలు పెట్టి వదిలేయండి. పూసినప్పుడు ఒక కొమ్మ కోసి లెక్చరరుగారి దగ్గరికి పంపండి. ఈలోగా పప్పులోకి బజారు నుంచి పాలకూర తెప్పించుకోండి.